మధ్యవర్తి నుండి బంధువు వరకు: యోబు గ్రంథంలో రక్షకాన్వేషణ

ఉపోద్ఘాతం

తనను ఆదుకొనేవాని కోసం మానవుడు సాగించే అన్వేషణ క్రైస్తవ పవిత్రగ్రంథంలో ఆద్యంతం కనిపించే ఇతివృత్తం. ఐగుప్తు దాస్యంలో ఇశ్రాయేలీయులు పెట్టిన మొర, బబులోను చెరలో ఉన్నవారికి యెషయా గ్రంథం అందించిన ఓదార్పు, మెస్సీయను కనుగొన్నామని అంద్రెయ తన సోదరుడైన సీమోనుతో చెప్పిన మాట ఇందులోని ప్రసిద్ధ ఘట్టాలు. వీటిలో వెదికేది ఒక జాతి, లేదా ఆ జాతి నిరీక్షణను తనదిగా చేసుకొన్న వ్యక్తి. బాధించేవాడు వేరు, విడిపించేవాడు వేరు. ఫరో బాధిస్తే యెహోవా విడిపిస్తాడు.

యోబు గ్రంథంలో ఈ అమరిక తారుమారవుతుంది. యోబు ఊజు దేశస్థుడు. అతడు ఇశ్రాయేలీయుడని గ్రంథం ఎక్కడా చెప్పదు. నిర్గమకాండపు విమోచనను గాని, సీనాయి నిబంధనను గాని అతడు తన వాదానికి ఆధారంగా చేసుకోడు. పైగా అతని దృష్టిలో తనను బాధిస్తున్నవాడు దేవుడే. కనుక ఇక్కడ రక్షకుడు విడిపించవలసింది దేవుని చేతిలో నుండి; వాదించవలసింది దేవుని ఎదుట. ఇటువంటి పనికి అర్హుడెవడు? ఈ ప్రశ్నకు యోబు ఒకసారి కాక మూడుసార్లు, మూడు భిన్నమైన పదాలతో జవాబు వెదుకుతాడు. 9వ అధ్యాయంలో మధ్యవర్తి, 16వ అధ్యాయంలో సాక్షి, 19వ అధ్యాయంలో విమోచకుడు.

ఈ మూడింటినీ ఒకే భావానికి పర్యాయాలుగా తీసుకోవడం వ్యాఖ్యానాలలో తరచుగా కనిపిస్తుంది. నిజానికి ఇవి ఒక క్రమంలో ఉన్నాయి. యోబు అన్వేషణ తటస్థుడైన తీర్పరి కోసం మొదలై, రక్తసంబంధం గల బంధువు కోసం ఆరాటంగా పరిణమిస్తుంది. ఈ పరిణామాన్ని నిరూపించడం, తెలుగు అనువాదంలోని 'విమోచకుడు' అనే పదం వెనుక అది ఎలా మరుగుపడిందో చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

'గోఎల్': పదార్థ పరిశీలన

19:25లో తెలుగు బైబిలు 'విమోచకుడు' అన్నచోట హీబ్రూ మూలంలో ఉన్న పదం 'గోఎల్'. ఇది మొదట మతపరమైన పదం కాదు, కుటుంబ న్యాయానికి చెందిన పదం. పేదరికం వల్ల ఒకడు తన స్వాస్థ్యాన్ని అమ్ముకొంటే దానిని తిరిగి విడిపించవలసినవాడు అతని గోఎల్ (లేవీయకాండము 25:25). ఒకడు పరదేశికి దాసుడుగా అమ్ముడుపోతే సోదరుడో, పినతండ్రో, పినతండ్రి కుమారుడో, వంశంలోని మరో రక్తసంబంధియో అతనిని విడిపించవచ్చు (25:47-49). హత్య జరిగినప్పుడు చనిపోయినవాని రక్తానికి జవాబు అడగవలసినవాడు కూడా గోఎలే (సంఖ్యాకాండము 35:19). భూమి, దేహం, రక్తం ఈ మూడింటిలో ఏది పోయినా దానిని తిరిగి ఇంటికి చేర్చే బాధ్యత అతనిది.

ఈ బాధ్యతకు మూలం బంధుత్వం. గోఎల్ దయగలవాడు కావచ్చు, కాకపోవచ్చు. అతడు చేయవలసిన పని మాత్రం అతని పుట్టుకతోనే నిర్ణయమై ఉంది. రూతు గ్రంథం ఈ సంగతిని కథారూపంలో చూపుతుంది. బోయజు కంటె దగ్గరి బంధువు ఒకడున్నాడు. ముందుగా అతనిని అడగకుండా బోయజు ముందుకు పోలేడు. ఆ బంధువు తన స్వాస్థ్యానికి నష్టం కలుగుతుందని వెనుకాడతాడు (4:6). అతని పేరును కథకుడు చెప్పడు. చనిపోయినవాని పేరు నిలబెట్టడానికి ఒప్పుకోనివాని పేరు కథలో నిలవలేదు. గోఎల్ తన బాధ్యతను కాదనగలడన్న అంశం యోబు విషయంలో ముఖ్యమవుతుంది.

సామెతల గ్రంథంలో ఈ పదానికి న్యాయస్థాన సంబంధం కూడా ఏర్పడింది. తండ్రిలేనివారి పొలం గట్టు జరపవద్దనీ, వారి పక్షాన వాదించే బలవంతుడైన గోఎల్ ఉన్నాడనీ అక్కడి హెచ్చరిక (23:10-11). అక్కడ ఆ గోఎల్ దేవుడే. బంధువులు లేనివానికి దేవుడు బంధువవుతాడన్న ఈ భావం యోబు వాక్యానికి సమీపమైన నేపథ్యం. కాని సామెతల గ్రంథంలో గట్టు జరిపినవాడు పొరుగువాడు. యోబు దృష్టిలో తన గట్టు జరిపినవాడు దేవుడు. ఈ ఒక్క తేడాతో సంప్రదాయం ఇచ్చిన సమాధానం యోబుకు సమస్యగా మారింది.

మూడు పదాలు, ఒక పరిణామం

9వ అధ్యాయంలో యోబు వాదం వ్యాజ్యెపు పరిభాషలో సాగుతుంది. దేవుడు తనవంటి నరుడు కాడు కనుక ఇద్దరూ కలిసి న్యాయసభకు పోవడం సాధ్యం కాదు (9:32). ఇద్దరి మీద చెయ్యి ఉంచగల మధ్యవర్తి కూడా లేడు (9:33). ఇక్కడ కోరిన వ్యక్తి లక్షణం సమదూరం. వాది మీద ఒక చెయ్యి, ప్రతివాది మీద ఒక చెయ్యి. అతడు ఎవరి వాడూ కాడు కనుకనే ఇద్దరికీ పనికివస్తాడు. సంప్రదాయ హీబ్రూ పాఠం అటువంటివాడు లేడని నిశ్చయంగా చెబుతుంది. ప్రాచీన గ్రీకు అనువాదం దీనిని ఉంటే బాగుండునన్న ఆకాంక్షగా మార్చింది. లేమికీ ఆకాంక్షకూ మధ్య ఉన్న ఈ పాఠభేదం యోబు మనఃస్థితికి తగినట్లే ఉంది.

16వ అధ్యాయంలో స్వరం మారుతుంది. తన రక్తాన్ని కప్పవద్దని యోబు భూమిని వేడుకొంటాడు (16:18). ఇది హతుని పలుకు. హేబెలు రక్తం నేల నుండి మొరపెట్టిన ఆదికాండ ఘట్టం ఇక్కడ స్ఫురిస్తుంది. ఆ వెంటనే తన పక్షాన సాక్షి పరలోకంలో ఉన్నాడంటాడు (16:19). సాక్షి తీర్పరి కాడు, ఒక పక్షానికి చెందినవాడు. తొమ్మిదో అధ్యాయంలో కోరిన సమదూరాన్ని యోబు ఇక్కడ వదులుకొన్నాడు. అతనికిప్పుడు కావలసింది తనవైపు నిలిచేవాడు. మరొకటి కూడా గమనించాలి. రక్తం ప్రస్తావన రాగానే, దానికి జవాబు అడగవలసిన గోఎల్ కూడా చట్టరీత్యా ప్రస్తావనలోకి వచ్చినట్లే. పదం 19వ అధ్యాయం దాకా రాదు గాని అవసరం ఇక్కడే పుట్టింది.

19:25లో ఆ పదం వస్తుంది. తన గోఎల్ సజీవుడని తానెరుగుదునంటాడు యోబు. 'లేడు' అన్న స్థితి నుండి 'ఉన్నాడు' అన్న స్థితికీ, అక్కడి నుండి 'ఎరుగుదును' అన్న స్థితికీ వాక్యాలు పెరుగుతూ వచ్చాయి. దానికి తగినట్లే దూరం తరుగుతూ వచ్చింది. మధ్యవర్తి ఇద్దరికీ సమదూరంలో ఉన్నవాడు. సాక్షి నా పక్షంవాడు. గోఎల్ నా రక్తంవాడు. యోబు అన్వేషణ నిష్పక్షపాతం నుండి పక్షపాతం వైపు, న్యాయం నుండి బాంధవ్యం వైపు సాగింది.

మిత్రులతో యోబు చేసిన వాదాన్ని ఈ వెలుగులో చూస్తే మరొక పొర బయటపడుతుంది. మీరు దేవుని పక్షాన పక్షపాతం చూపుతారా అని అతడు వారిని నిలదీస్తాడు (13:7-8). బలవంతుని వైపు అందరూ ఉన్నారు. బాధితుని వైపు ఎవరూ లేరు. ఇటువంటి సభలో తటస్థుడు దొరికినా చాలడు. తనవాడు కావాలి.

అన్యత్వం, బంధుత్వం: 19వ అధ్యాయ నిర్మాణం

గోఎల్ అనే పదం 19వ అధ్యాయంలోనే రావడం యాదృచ్ఛికం కాదు. ఆ పదానికి ముందు 13వ వచనం నుండి 19వ వచనం వరకు యోబు కోల్పోయిన మనుషుల జాబితా ఉంది. సోదరులు దూరమయ్యారు. పరిచితులు అన్యులయ్యారు. బంధువులు రావడం మానుకొన్నారు. ఇంటి దాసీలు అతనిని పరాయివానిగా ఎంచుతున్నారు. సేవకుడు పిలిస్తే పలకడు. భార్యకు అతని ఊపిరి అసహ్యమైంది. చిన్నపిల్లలు సైతం తృణీకరిస్తున్నారు. ఈ జాబితాలో లేనివారు చనిపోయిన పదిమంది బిడ్డలే. గోఎల్ కాగలిగినవారంతా ఒక్కొక్కరుగా తొలగిపోయిన తరువాత యోబు గోఎల్ ఉన్నాడంటాడు. శ్రోత చెవికి ఈ వైరుద్ధ్యం తగలాలన్నది కవి ఉద్దేశంగా కనిపిస్తుంది.

హీబ్రూ మూలంలోని పదపునరుక్తి ఈ నిర్మాణాన్ని బలపరుస్తుంది. పరాయితనాన్ని తెలిపే 'జూర్' ధాతువు 13వ వచనంలో పరిచితుల విషయంలో, 15లో దాసీల విషయంలో వస్తుంది. 17లో భార్య విషయంలో వాడిన క్రియకు వేరే వ్యుత్పత్తి చెప్పేవారున్నా ధ్వని అదే. మళ్ళీ 27వ వచనంలో, యోబు తన కన్నులతో చూడబోయేవానిని గురించి చెప్పేచోట, 'జార్' అంటే పరాయివాడు అనే పదం నిషేధార్థకంతో వస్తుంది. ఆ వాక్యానికి రెండన్వయాలు సాధ్యం. చూసేది తానే గాని మరొకడు కాదని ఒకటి. తనకు కనిపించేవాడు పరాయివాడు కాడని రెండవది. తెలుగు బైబిలు మొదటి అన్వయాన్ని స్వీకరించింది. అధ్యాయ నిర్మాణం రెండవదానికి అనుకూలంగా ఉంది. తనవారంతా పరాయివారైన మనిషి, పరాయివాడు కాని ఒకడిని చూస్తానంటున్నాడు.

ఆ ఒకడు ఎవరు? దేవుడేనని కొందరు, దేవునితో వాదించే మూడవ వ్యక్తి అని మరికొందరు విమర్శకులు భావించారు. దేవుడే అయితే బాధించినవాడూ బంధువూ ఒక్కరే కావలసి వస్తుంది. మూడవవాడైతే గ్రంథంలో అతడెక్కడా ప్రత్యక్షం కాడు. యోబు ఈ చిక్కును ఎరుగును. 13:24లో దేవుడు తనను శత్రువుగా ఎంచుతున్నాడన్నప్పుడు శత్రువాచకమైన 'ఓయేబ్' అతని సొంత పేరైన 'ఇయ్యోబ్'కు అతి దగ్గరగా ధ్వనిస్తుంది. అయినా ఆ శత్రువుతో తనకొక సంబంధం ఉందని అతడు మరువలేదు. దేవుని చేతులే తనను మట్టితో చేసినట్లు రూపించాయంటాడు (10:8-9). ఆ చేతిపని కోసం దేవుడే ఆశతో పిలిచే దినం రావాలని కోరుకుంటాడు (14:15). ఇశ్రాయేలుకు దేవునితో బంధుత్వం నిబంధన వల్ల కలిగింది. నిబంధన లేని యోబుకు అది సృష్టి వల్ల కలిగింది. చేసినవానికీ చేయబడినవానికీ మధ్య ఉన్న సంబంధాన్నే అతడు రక్తసంబంధంగా నిలబెట్టి, దాని ప్రకారం నడుచుకోమని దేవుని నిలదీస్తున్నాడు.

తెలుగులో 'విమోచకుడు'

తెలుగు బైబిలులో ఈ ఒక్క హీబ్రూ పదం అనేక రూపాలుగా విడిపోయింది. రూతు గ్రంథంలో అది 'సమీప బంధువుడు'. సంఖ్యాకాండంలో 'ప్రతిహత్య చేయువాడు'. యెషయా, కీర్తనలు, యోబు గ్రంథాలలో 'విమోచకుడు'. లేవీయకాండంలో దాని క్రియారూపం 'విడిపించు'. ఈ విభజన తెలుగు అనువాదకులతో మొదలైనది కాదు. ప్రాచీన గ్రీకు అనువాదం రూతు గ్రంథంలో బంధువాచకాన్ని, యోబు గ్రంథంలో విడుదల చేసేవాడనే అర్థం గల పదబంధాన్ని వాడింది. ఆంగ్ల అనువాదాలలోనూ ఇటువంటి విభజనే ఉంది. సందర్భానుసారంగా అర్థం స్పష్టం చేయాలన్న అనువాదకుని బాధ్యత దీనికి కారణం.

దాని ఫలితం మాత్రం గమనించదగినది. 'విడిపించు' అన్న దేశ్యక్రియకు తెలుగు జీవితంలో లోతైన వేళ్ళున్నాయి. తాకట్టులో ఉన్న పొలాన్నీ నగనూ విడిపిస్తారు. అందుకే లేవీయకాండంలో ఆ మాట సహజంగా ఒదిగింది. 'విమోచకుడు' తత్సమం. ముచ్ ధాతువు విడుదలను మాత్రమే చెబుతుంది. విడిపించేవానికీ విడుదల పొందేవానికీ గల సంబంధాన్ని చెప్పదు. యోబు 19ని తెలుగులో చదివే పాఠకునికి 14వ వచనంలో 'బంధువులు' కనిపిస్తారు, 25లో 'విమోచకుడు' కనిపిస్తాడు. ఆ రెండింటి మధ్య ఉన్న తీగ కనిపించదు. బంధువులు లేనివాడు బంధువును కోరుతున్నాడన్న వేదన, బంధువులు లేనివాడు విడుదలను కోరుతున్నాడన్న సాధారణార్థంగా మిగులుతుంది.

తెలుగు భక్తి పదజాలంలో రక్షకుని బంధువుగా భావించే సంప్రదాయం లేకపోలేదు. 'ఆపద్బాంధవుడు', 'దీనబంధువు' అనే సమాసాలు అందుకు సాక్ష్యం. అయితే ఇవి గోఎల్‌కు సమానార్థకాలు కావు. ఆపద్బాంధవుడు ఆపదలో కరుణతో బంధువైనవాడు. గోఎల్ బంధువు కనుక ఆపదలో రాక తప్పనివాడు. మొదటిదానిలో బాంధవ్యం కరుణకు ఫలం. రెండవదానిలో ఆదుకోవడం బాంధవ్యానికి ఫలం. యోబు దయ కోసం కాక హక్కు కోసం నిలిచాడన్న సంగతి ఈ భేదం మీదనే ఆధారపడి ఉంది. తెలుగులో హక్కునూ రక్తసంబంధాన్నీ కలిపి చెప్పే పదం 'దాయ'. నిఘంటువులు దీనికి జ్ఞాతి అనీ, శత్రువు అనీ రెండర్థాలు చెబుతాయి. పంచుకొనే హక్కు గలవాడే పగవాడూ కాగల అనుభవం ఆ పదంలో నిక్షిప్తమై ఉంది. అనువాదానికి అది పనికిరాదు. కాని శత్రువుగా కనిపిస్తున్న దేవునిలోనే బంధువును వెదికే యోబు స్థితిని అర్థం చేసుకోవడానికి తెలుగు పాఠకునికి అంతకంటె దగ్గరి దారి లేదు.

క్రైస్తవ వ్యాఖ్యానం

19:25-27 వచనాలను మృతుల పునరుత్థానానికి ప్రవచనంగా చదవడం క్రైస్తవ సంప్రదాయంలో ప్రాచీనం. మొదటి శతాబ్దాంతానికి చెందినదిగా భావించే రోమా క్లెమెంతు లేఖలోనే ఈ అన్వయం ఉంది. నాలుగవ శతాబ్దం చివర మొదలైన జెరోము లాటిను అనువాదం దానిని మరింత స్పష్టం చేసింది. 1742లో డబ్లిన్‌లో మొదట ప్రదర్శితమైన హ్యాండెల్ 'మెస్సయ' సంగీతకృతి మూడవ భాగం ఈ వాక్యంతోనే ఆరంభమవుతుంది. 26వ వచనంలో 'శరీరముతో' అన్న తెలుగు అనువాదం కూడా ఈ దారిలోనిదే. హీబ్రూ పదబంధాన్ని 'శరీరం నుండి' అనీ, 'శరీరం లేకుండా' అనీ రెండు విధాలుగా గ్రహించవచ్చు. నరికిన చెట్టుకైనా ఆశ ఉంది, పడుకొన్న మనిషి లేవడని 14వ అధ్యాయంలో యోబు అన్న మాటలు ఈ అన్వయానికి అడ్డువస్తాయి.

పునరుత్థాన ప్రస్తావన సందిగ్ధం కనుక క్రైస్తవ పఠనమే నిరాధారమని తీర్మానించడం తొందరపాటు. క్రొత్త నిబంధన 19:25ను ఎక్కడా ఉదాహరించదు. కాని యోబు కోరిక వేరొక దారిలో అక్కడికి చేరింది. 9:33లో గ్రీకు అనువాదం వాడిన 'మెసితేస్' పదమే మొదటి తిమోతి పత్రిక 2:5లో క్రీస్తుకు వాడబడింది. తెలుగులో రెండుచోట్లా 'మధ్యవర్తి' అనే ఉంది. ఆ మధ్యవర్తి నరుడని పత్రికాకర్త ప్రత్యేకించి చెప్పడం, దేవుడు తనవంటి నరుడు కాడన్న యోబు అభ్యంతరం పక్కన పెట్టి చదవదగినది. హెబ్రీ పత్రిక రెండవ అధ్యాయం మరొక అడుగు ముందుకు వేసింది. రక్షకుడు రక్తమాంసాలలో పాలుపంచుకొన్నాడనీ, వారిని సోదరులని పిలవడానికి సిగ్గుపడడనీ, అన్ని విషయాలలో సోదరులవంటివాడు కావలసి వచ్చిందనీ అక్కడి వాదం (2:11-17). ఇది గోఎల్ తర్కం. విడిపించేవాడు ముందు బంధువు కావాలి. యోబుకూ క్రొత్త నిబంధనకూ మధ్య గల అనుబంధాన్ని 19:26లోని సందిగ్ధ వ్యాకరణం మీద కంటె ఈ బాంధవ్య తర్కం మీద నిలపడం సాహిత్యపరంగా బలమైన మార్గం.

ముగింపు

గ్రంథ సమాప్తిలో యోబు అన్వేషణకు సూటి సమాధానం లేదు. 38 నుండి 41వ అధ్యాయం వరకు దేవుడు మాట్లాడతాడు. మధ్యవర్తి రాడు, సాక్షి లేవడు. యోబు మాత్రం ఇప్పుడు తన కన్నులు దేవుని చూస్తున్నాయంటాడు (42:5). 19వ అధ్యాయంలో తన కన్నులే చూస్తాయని అన్నవాడు బ్రతికి ఉండగానే, ఎవరి సహాయమూ లేకుండా చూశాడు. తన పక్షాన మాట్లాడినవారి మీద దేవుడు కోపించి, తనతో వాదించిన యోబు పలికినది యుక్తమన్నాడు. ఆ మిత్రుల కోసం ప్రార్థించవలసినవాడు యోబే (42:8). మధ్యవర్తిని వెదికినవాడు మధ్యవర్తి అయ్యాడు.

ఆ తరువాత సోదరులు, అక్కచెల్లెళ్ళు, పూర్వ పరిచితులు వచ్చి అతని ఇంట భోజనం చేసి, తలా ఒక వెండి నాణెమూ ఒక బంగారు ఉంగరమూ ఇస్తారు (42:11). రావలసిన వేళ రానివారు స్థితి మారిన తరువాత వచ్చారు. సిరి కలిగినప్పుడు బంధువులు చేరడాన్ని చెరువు నిండినప్పుడు కప్పలు చేరడంతో పోల్చిన సుమతి శతకం ఎరిగిన పాఠకునికి ఈ వచనంలోని వ్యంగ్యం వేరుగా చెప్పనక్కరలేదు. పశుసంపద రెట్టింపైంది. బిడ్డలు మాత్రం మునుపటి లెక్కనే, ఏడుగురు కుమారులు, ముగ్గురు కుమార్తెలు. పోయిన పదిమంది తిరిగి రాలేదు. భూమిని విడిపించవచ్చు, దాసుని విడిపించవచ్చు. చనిపోయినవారిని విడిపించే గోఎల్ ధర్మశాస్త్రంలో లేడు. యోబు గ్రంథం ఇక్కడ ఆగింది. క్రొత్త నిబంధన తన మాటను ఇక్కడ నుండే మొదలుపెట్టింది. ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీని గుర్తించనిదే యోబు పలికిన ఆ ఒక్క వాక్యం బరువు తెలియదు. విడుదల కంటె ముందు అతడు కోరుకొన్నది, తనను తనవాడనే ఒకరిని.